గరిజెల కింద గోలీలు

అదే గల్లీలో ఉండే చంద్రవ్వ వచ్చి గడప ముందర కూలబడేసరికి ఐలవ్వ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. క్యాంపులో వంటకు పోయిన మనిషి మూడో రోజు పొద్దున్నే వాకిట్లో కనబడటంతో ఐలవ్వ చేతిలోని తునికాకు చేతిలోనే ఆగింది. ఎవరికేమైందని అడగబోయింది. అడిగితే నిజంగానే ఏదో అయిందని చెబుతుందేమోనని నోరు మూసుకుంది.

ఎవరికీ ఏమీ కాలేదు. చంద్రవ్వ బర్రె ఈనింది. కోడలు ఒక్కతే బెంబేలు పడుతోందని ఫోను వస్తే తెల్లవారే పాలబండి ఎక్కి వచ్చింది. దూడను చూసుకుని మాపటికల్లా మళ్ళీ పోతుంది. చాయ్ తాగుతూ క్యాంపు సంగతులు మొదలుపెట్టింది. తొగుట దాటినాక చర్చి వాళ్ళ ఆవరణ ఒకటుంది. అక్కడ ఐదు రోజుల వేసవి క్యాంపు. ముప్పై మంది ఆడపిల్లలు, అంతకు కొంచెం తక్కువ మగపిల్లలు. లేవగానే ప్రార్థన, తర్వాత పాఠం, ఎండ తగ్గాక ఆటలు, మళ్ళీ మాపటి ప్రార్థన. ఫోన్లు మొదటి రోజే తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారట. ఐలవ్వ బిడ్డ వినీత గొంతు బాగుందని పాటల్లో ఆ పిల్లనే ముందు నిలబెడుతున్నారట.

ఐలవ్వ మనసు కొంచెం కుదుటపడింది. ఆగిన చేయి మళ్ళీ కదిలింది.

"గరిజెలు మస్తు చేసినవే ఐలవ్వా," అంది చంద్రవ్వ, పిల్ల డబ్బాలో పంపిన కజ్జికాయల సంగతి ఎత్తుతూ. "నాకు గూడ రెండు తెచ్చిచ్చిన్రు ఆడపిల్లలు."

"వినీత ఇచ్చిందా పెద్దమ్మా?"

"వినీత ఇచ్చుడేంది? మొదటి రోజు మాపటికే అందరి డబ్బాలు తెప్పించి, దుప్పటి పరిచి, అన్నీ ఒక్కతాన కుప్ప పోసిన్రట. నాది నీది అనేది లేదక్కడ. ఏం తెచ్చుకోని పిల్లలు గూడ కడుపునిండ తిన్నరు. ఏటేటా గట్లనే చేస్తరు."

"మరి డబ్బాలు?"

"డబ్బాలేడికి వోతయ్? తోమి బోర్లేసినం."

చంద్రవ్వ చాయ్ గ్లాసు కింద పెట్టి దూడ దగ్గరికి పోయింది. ఐలవ్వ ఒళ్ళోని చాట అట్లాగే జారి నేల మీద పడింది. చుట్టిన బీడీలు, చుట్టని ఆకులు కలిసిపోయాయి. గరిజెల కింద పాత పేపరు మడత, ఆ మడత కింద రెండు షీట్ల గోలీలు పెట్టి పంపింది ఆమె. ఆ సంగతి ఈ లోకంలో ఆమెకు, వినీతకు తప్ప మూడో మనిషికి తెలియదు.

వినీతకు పన్నెండో ఏట ఫిట్స్ మొదలయ్యాయి. బడిలో పొద్దున వరసలో నిలబడి ఉండగా మొదటిసారి పడిపోయింది; ఎండకు కళ్ళు తిరిగాయనుకున్నారు అందరూ. డాక్టరు పొద్దున ఒకటి, మాపటికి ఒకటి గోలీ రాసి, ఒక్క పూట కూడా తప్పొద్దని ఐలవ్వకు రెండుసార్లు చెప్పాడు. ఆమె తప్పనివ్వలేదు. కానీ రెండేళ్ళ కింద ఎక్కడి నుంచో ఒక బోధకుడు వచ్చి మూడు రోజులు ప్రార్థన కూటాలు పెట్టాడు. గోలీలు మింగేవాళ్ళకు దేవుని మీద నమ్మకం లేనట్టేనని మైకులో చెప్పాడు. ఐలవ్వ ఆ మాట పట్టుకుంది. ఇంటికొచ్చి గోలీలు మోరీ మురుగులో పడేసింది. పద్దెనిమిదో రోజు పిల్ల పొయ్యి దగ్గర పడింది. కుడి మోచేయి దగ్గర అరచేతంత మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ రోజు నుంచి ఐలవ్వ దేవుణ్ణి వదల్లేదు గానీ, దేవుని పేరు చెప్పి మాట్లాడే మనుషుల్ని నమ్మడం మానేసింది.

అందుకే క్యాంపు కాగితంలో 'అనారోగ్యం ఏమైనా ఉందా' అన్న చోట, ఏడో తరగతితో ఆగిన తన గుండ్రటి చేతిరాతతో 'లేదు' అని రాసింది. ఉందని రాస్తే పిల్లను తీసుకోరేమో. తీసుకుంటే ప్రార్థనతో బాగుచేస్తామని నెత్తిన చేతులు పెట్టి కేకలు వేసి, గోలీలు మాన్పిస్తారేమో. ఈ రెండూ కాకపోతే మూడోది ఉండనే ఉంది. పిల్లకు పదిహేనేళ్ళు వచ్చాయి. రేపు సంబంధం కోసం వచ్చేవాళ్ళకు ముందే ఎవరో ఒకరు చెవిలో వేస్తారు. సిద్దిపేటలో మాట ఎంత దూరం పోవాలన్నా చంద్రవ్వ ఒక్కతి చాలు.

అసలు పంపేదే కాదు. వినీత మూడేళ్ళుగా అడుగుతోంది. ఈసారి రెండు రోజులు అన్నం తినలేదు. మేస్త్రి పనికి గజ్వేల్ పోయి పదిహేను రోజులకోసారి వచ్చే పర్శరాములు పెళ్ళాన్ని చూసి, "నువ్వు భయపడకుంటే పొద్దు పొడువదా ఏంది? పోనియ్యే పొల్లను," అన్నాడు. ఐలవ్వ పంపింది. పంపేముందు పిల్ల చెయ్యి లాగి తన నెత్తిన పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది. ఫిట్స్ సంగతి ఎవరికీ చెప్పొద్దు, గోలీ ఎవరూ చూడకుండా మింగాలి. ఒట్టు తప్పితే తల్లి తల పగులుతుంది.

ఇప్పుడు లెక్కపెట్టుకుంది. మొదటి రోజు మాపు, నిన్న పొద్దున, నిన్న మాపు, ఇవాళ పొద్దున. నాలుగు పూటలు.

క్యాంపు కరపత్రం మీద స్వరాజ్యం టీచర్ నంబరు ఉంది. సర్కారు బడిలో పనిచేసి రిటైరైన మనిషి, ఆడపిల్లల బాధ్యత ఆమెది. ఐలవ్వ ఫోను చేసింది. అటువైపు వందనాలమ్మా అన్న గొంతు వినగానే చెప్పాలనుకున్నదంతా మింగేసింది. మా వినీత అన్నం తింటోందా అని అడిగింది. మంచిగా తింటోందని చెప్పి టీచర్ కొంచెం ఆగింది.

"ఇంకేమన్న చెప్పేదుందా అమ్మా నాకు?"

"ఏం లేదు టీచర్. గదే, అన్నం," అని ఐలవ్వ పెట్టేసింది. పెట్టేసిన తర్వాత ఫోను వైపు చూస్తూ తనను తానే తిట్టుకుంది.

ఇంటికి తాళం వేసి బస్టాండుకు నడిచింది. పొద్దుటి బస్సు వెళ్ళిపోయింది, మళ్ళీది మూడు దాటాక గానీ రాలేదు. తొగుట బస్సులో కండక్టరు ఆడవాళ్ళ ఉచిత టికెట్‌కు ఆధార్ కార్డు అడిగితే గానీ అది ఇంట్లోనే మరిచిపోయానని గుర్తుకు రాలేదు. డబ్బులిచ్చి టికెట్ తీసుకుని కిటికీ పక్కన కూర్చుంది. బయట మక్క చేలు కోసేసి బోసిగా ఉన్నాయి. ఆమె కళ్ళకు అవేవీ కనబడటం లేదు. ఒక్కో మలుపుకు ఒక్కో చావు కనబడుతోంది. పిల్ల స్నానాల గదిలో పడింది, లోపల గడియ పెట్టుకుంది, ఎవరూ వినలేదు. పిల్ల పాడుతూ పాడుతూ మెట్ల మీద నుంచి పడింది. అందరూ దయ్యమని అరుస్తూ చుట్టూ మూగారు, గాలి ఆడటం లేదు. ఐలవ్వ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ముందు సీటులోని ముసలాయన వెనక్కి తిరిగి, కడుపులో తిప్పుతోందా బిడ్డా, కిటికీ ఇంకా తెరుచుకో అన్నాడు.

తొగుటలో దిగి ఆటో పట్టుకుని ఆవరణకు చేరేసరికి నాలుగున్నర దాటింది. గేటు బార్లా తీసి ఉంది. ఎక్కడా ఒక్క పిల్ల లేదు. రేకుల షెడ్డు కింద లింగమూర్తి అనే వంటాయన ఒక్కడే పెద్ద గిన్నెలో పప్పు తిప్పుతున్నాడు. అందరూ ఏరని అడిగితే గరిటె ఆపకుండానే జవాబిచ్చాడు. ఇవాళ మూడో రోజు కదా, మల్లన్నసాగర్ కట్ట చూపించడానికి తీసుకుపోయారు, మాపటి ప్రార్థనకు వచ్చేస్తారు.

నీళ్ళు. ఆమె అన్నీ అనుకుంది గానీ నీళ్ళు అనుకోలేదు.

ఎటు పోవాలో అడిగి, చెప్పులు చేతిలో పట్టుకుని పరుగెత్తింది. మట్టిబాట ఇంకా కాలుతోంది. బాట ఎత్తెక్కి మలుపు తిరిగేచోట ఎదురుగా పిల్లలు వస్తూ కనిపించారు. ఇద్దరిద్దరుగా, చేతులు పట్టుకుని, పాట పాడుకుంటూ. అంత పెద్ద పిల్లలు బాలవాడి పిల్లల్లా చేతులు పట్టుకుని నడవడమేమిటో ఆమెకు అర్థం కాలేదు. ఒక్కో జంటను చూస్తూ వెతికింది. ఏడో జంటలో వినీత ఉంది. పక్కన సాత్విక అనే బక్కపల్చటి పిల్ల. వినీత నవ్వుతోంది.

ఐలవ్వ బాట పక్కన రాయి మీద కూర్చుండిపోయింది.

తల్లిని చూడగానే వినీత నవ్వు ఆగింది. చేయి విడిపించుకుని పరుగున వచ్చి, తల్లి మొహం, తల, భుజాలు అన్నీ తడిమి చూసింది. ఐలవ్వకు ఆశ్చర్యమనిపించింది. తడిమి చూడటానికి వచ్చింది తను.

"ఏమైందే అమ్మా? నీకు మంచిగున్నదా?"

"నాకేమైతది? గోలీలేవే?" ఐలవ్వ గొంతు తగ్గించింది. "నాలుగు పూటలాయె."

"వేసుకుంటున్న."

"ఏడికెల్లి వేసుకుంటున్నవ్? డబ్బ తోమి బోర్లేసిన్రట గద. అబద్ధమాడకు నాతోని."

"అబద్ధం కాదే. మెల్లగ మాట్లాడు. ప్రార్థన కానియ్యి, నీకే తెలుస్తది."

అప్పటికే స్వరాజ్యం టీచర్ దగ్గరికి వచ్చింది. కళ్ళద్దాలు తాడుతో మెడలో వేలాడుతున్నాయి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వందనాలు చెప్పి, ఇంత ఎండలో ఎందుకొచ్చారని అడగలేదు. వచ్చిన తల్లి ప్రార్థనలో కూర్చుని, అన్నం తిని పోవాలని మాత్రం చెప్పింది. ఐలవ్వ తలూపింది. మనసులో మాత్రం ప్రార్థన కాగానే పిల్లను ఇంటికి తీసుకుపోవాలని నిశ్చయం చేసుకుంది. సాకు కూడా ఆలోచించుకుంది. చిన్నాయనకు బాగాలేదని చెప్పాలి.

ఆడపిల్లల హాలు పొడుగ్గా, సున్నం వేసి తెల్లగా ఉంది. చాపలు గోడ పొడవునా చుట్టి పెట్టారు. ఐలవ్వ చివర, తలుపు పక్కన కూర్చుంది. కూర్చుని తల ఎత్తగానే ఆమె కళ్ళు కిటికీ మీద పడ్డాయి. కిటికీ అరుగు మీద నీళ్ళ కూజా, దాని మీద గ్లాసు. గ్లాసు పక్కన, అందరికీ కనబడేటట్టు, రెండు షీట్ల గోలీలు.

మూడేళ్ళుగా బియ్యం డబ్బాలో, చీరల మడతలో, గరిజెల కింద దాచిన గోలీలు. ముప్పై మంది పిల్లల ముందర, సంతలో పెట్టినట్టు పెట్టారు.

పాటలయ్యాయి. టీచర్ ముందు నిలబడి చెప్పింది.

"ఇగ కండ్లు మూసుకోండ్రి. నేను గూడ మూసుకుంట. ప్రార్థనల ఎవలు లేచినా, ఎవలు నడిచినా మనకు పని లేదు. గది వాళ్ళకు, దేవునికి నడుమ సంగతి."

అందరూ తలలు వంచారు. ఐలవ్వ కూడా వంచింది. టీచర్ గొంతు మెల్లగా సాగుతోంది. ఎండల్లో పనిచేసే తల్లిదండ్రుల కోసం, మల్లన్నసాగర్ నీళ్ళ కింద ఇళ్ళు పోయినవాళ్ళ కోసం, పరీక్ష తప్పిన పిల్లల కోసం. ఐలవ్వకు ఒక్క మాట చెవికెక్కడం లేదు. ఎక్కడో పట్టగొలుసుల చప్పుడైంది. ఆ చప్పుడు ఆమెకు నిద్రలో కూడా తెలుసు. కళ్ళు మూసుకుని ఉండటం ఆమె వల్ల కాలేదు.

తెరిచి చూసింది. హాలంతా వంచిన తలలే. టీచర్ కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాయి. నడుమ నుంచి వినీత ఒక్కతే లేచి కిటికీ వైపు నడుస్తోంది. దారిలో సాత్విక కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. వినీత దగ్గరికి రాగానే ఆ పిల్ల కళ్ళు తెరవకుండానే మోకాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చింది. వినీత దాటి పోగానే మళ్ళీ చాపుకుంది. కిటికీ దగ్గర షీటు చిటుక్కుమంది. కూజా వంగింది. వినీత గోలీ నాలుక మీద పెట్టుకుని, ఒక్క క్షణం అట్లాగే కళ్ళు మూసుకుని నిలబడింది. తర్వాత నీళ్ళు తాగింది. వచ్చిన దారినే పోయి కూర్చుంది.

ఆమెన్ అని అందరూ తలలెత్తాక, ఎవరూ కిటికీ వైపు చూడలేదు. అన్నానికి పళ్ళాలు తెచ్చుకోవడానికి బయటికి పరుగెత్తారు. ఐలవ్వ లేచి కిటికీ దగ్గరికి పోయింది. షీటు చేతిలోకి తీసుకుని వేలితో ఒక్కో గుంత తడిమింది. ఐదు ఖాళీ. ఐదు పూటలకు ఐదు.

"మీయేనా?" అంది వెనక నుంచి స్వరాజ్యం టీచర్.

ఐలవ్వ తిరిగి చూసింది. కాదని చెప్పడానికి నోరు తెరిచింది. ఏడుపు వచ్చింది.

టీచర్ ఆమెను వరండాలోకి తీసుకుపోయి కూర్చోబెట్టింది. గరిజెలు కుప్ప పోసినప్పుడు పేపరు మడతతోపాటు షీట్లు కూడా దుప్పటి మీద పడ్డాయట. ఎవరి డబ్బాలోవో తెలియలేదు. ఎవరివని అడిగితే ఎవరూ పలకలేదు. పలకని పిల్లను బలవంతంగా అడిగితే భయపడి మందే మానేస్తుందేమోనని, కిటికీలో పెట్టి, ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు వచ్చి వేసుకొమ్మని చెప్పింది. ఆ రాత్రే ఆ మందు పేరు కాగితం మీద రాసుకుపోయి తొగుటలో మందుల దుకాణంలో అడిగితే, అవి ఎందుకు వాడతారో చెప్పారు.

"అప్పటిసంది నాకు నిద్ర లేదమ్మా," అంది టీచర్. "ముప్పై మంది పిల్లలు. ఎవలకు వస్తదో తెల్వది. రెండు రాత్రులు అందరి ఊపిరి చూసుకుంట కూసున్న. కట్ట మీదికి ఇద్దరిద్దరు చేతులు పట్టుకోని నడువాలని చెప్పింది గందుకే. ఫోన్ చేసిన తల్లులందర్ని అడిగిన, ఇంకేమన్న చెప్పేదుందా అని."

పొద్దున ఆ మాట విని ఏం లేదని ఫోను పెట్టేసింది తనే. ఐలవ్వ తల దించుకుంది. తను ఒక్కతే పడుతున్నాననుకున్న భయాన్ని, పేరు కూడా తెలియని పిల్ల కోసం ఈ ముసలి మనిషి రెండు రాత్రులు మోసింది. తెలిసిన భయం కంటే తెలియని భయం ఎంత పెద్దదో ఐలవ్వకు చెప్పనక్కర్లేదు.

కాగితంలో ఎందుకు లేదని రాసిందో చెప్పింది. బోధకుడి సంగతి, పొయ్యి సంగతి చెప్పింది. టీచర్ అంతా విని, దేవుడిచ్చిన తెలివితోనే డాక్టర్ గోలీ ఇచ్చిండని, ఆ మైకాయన మాట తన నోట ఎప్పుడూ రాదని చెప్పింది. ఐలవ్వ కళ్ళు తుడుచుకుని, అయినా పిల్లను తీసుకుపోతానంది. ఇంక రెండు రోజులు తను ఇంట్లో ఉండలేనంది.

వినీత పళ్ళెం పట్టుకుని వరండా చివర నిలబడి ఉంది. ఎప్పటి నుంచి వింటోందో.

"నేను రాను," అంది.

"మొండితనం చెయ్యకు. బట్టలు సదురుకో."

"అమ్మా, ఇంట్ల నేను గోలీ దొంగలెక్క మింగుత. నువ్వు తలుపేస్తవ్, నేను మింగుత. ఎవలన్న వస్తే దాస్తవ్. గిక్కడ ప్రార్థనల మింగుతున్న. మింగేముందు దేవునికి చెప్పుకుంటున్న, గిది నీదే అని. నాకు మంచిగనిపిస్తుంది. కాని చెప్పుకోలేదు ఎవలకు. నిన్న ఒక పొల్ల తనకు బాపు లేడని ఏడ్చుకుంట చెప్పింది. ఒక్కొక్కలు అన్నీ చెప్పుకున్నరు. నేనే నోరు మూసుకోని కూసున్న. చెప్తే నీ తల పగులుతదంటివి. నిన్న పాఠంల అసలు ఒట్లే పెట్టుకోవద్దని చెప్పిన్రు, అయినా నాకు భయమే. ఒక్కసారి ఫోన్ ఇయ్యుండ్రి, మా అమ్మ ఎట్లున్నదో అడుగుత అని టీచర్ను మూడుసార్లు అడిగిన."

బాట మీద పిల్ల తన తల ఎందుకు తడిమిందో ఐలవ్వకు అప్పుడు తెలిసింది. తన భయంలో సగం తెంపి పదిహేనేళ్ళ పిల్ల చేతిలో పెట్టి, గరిజెల డబ్బాతో పాటు పంపింది. పిల్ల మూడు రోజులుగా దాన్ని మోస్తోంది.

లోపల పళ్ళాల చప్పుడు, నవ్వులు. లింగమూర్తి పప్పు తెమ్మని ఎవరినో పిలుస్తున్నాడు. ఐలవ్వ వినీత చేయి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. ఆ చేతిని తన నెత్తి మీద పెట్టుకుని, మళ్ళీ తీసి వరండా గట్టు మీద ఆనించింది.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన," అంది. "ఇగ నీ ఇష్టం."

వినీత పళ్ళెం అక్కడే పెట్టి హాల్లోకి నడిచింది. ఐలవ్వ ఇంత తొందరగా అనుకోలేదు. రేపో, ఎల్లుండో, తను లేనప్పుడు అనుకుంది. టీచర్ వెంట తలుపు దాకా పోయి నిలబడింది.

పిల్లలు వరసగా కూర్చుని అన్నం తింటున్నారు. వినీత నడుమ నిలబడింది. "కిటికీల గోలీలు నాయే," అంది. "నాకు ఫిట్స్ వస్తయ్."

ఎవరూ ముద్ద ఆపలేదు. సాత్విక మాత్రం చారు జుర్రుకుని తలెత్తింది. "మాకెర్కే. కండ్లు మూసుకుంటే పట్టగొలుసుల సప్పుడు గూడ ఇనరాదా?" హాలంతా నవ్వింది. వినీత కూడా నవ్వింది, ఏడుస్తూనే. ఆ నవ్వులో చెడ్డది ఏదైనా ఉందేమోనని ఐలవ్వ చెవులు రిక్కించి వెతికింది. దొరకలేదు.

అప్పుడు ఒక చిన్నపిల్ల అడిగింది. "వస్తే మేమేం చెయ్యాలె అక్కా?"

వినీత నోరు తెరిచి ఆగిపోయింది. ఫిట్స్ వచ్చినప్పుడు ఏం జరుగుతుందో ఆ పిల్లకు తెలియదు. అప్పుడు ఆమెకు స్పృహ ఉండదు కదా. తల్లి వైపు చూసింది. టీచర్ కూడా ఐలవ్వ వైపే చూసింది. ముప్పై తలలు తలుపు వైపు తిరిగాయి.

ఐలవ్వ జీవితంలో పదిమంది ముందర మాట్లాడింది లేదు. చర్చి సంఘంలో సాక్ష్యం చెప్పమంటే బాత్రూముకు పోయే మనిషి. కొంగు నడుముకు దోపుకుని లోపలికి వచ్చింది. గోడ దగ్గరి చాప ఒకటి పరిచి, వినీతను పడుకోమంది.

చాప పక్కన కూర్చుని చెప్పసాగింది. పడ్డ మనిషిని గట్టిగా పట్టుకోవద్దు, కొట్టుకోనివ్వాలి. చుట్టుపక్కల ఉన్న రాళ్ళు, గిన్నెలు, బల్లలు జరపాలి. తల కింద ఏదైనా మెత్తగా పెట్టాలి, దుపట్టా అయినా సరే. నోట్లో చెంచా పెట్టొద్దు, వేలు పెట్టొద్దు, నీళ్ళు పోయొద్దు. మీద పడి మూగొద్దు, గాలి ఆడనివ్వాలి. కొట్టుకోవడం తగ్గగానే పక్కకు ఒరిగించాలి. ఒకరు గడియారం చూస్తూ ఉండాలి. ఐదు నిమిషాలు దాటిందా, ఎవరినీ అడగొద్దు, బండి పిలిచి దవాఖానకు తీసుకుపోవాలి. మూడేళ్ళు ఒక్కతే నేర్చుకున్నదంతా ఒక్కొక్కటిగా బయటికి వస్తోంది. పిల్లలు తినడం ఆపి దగ్గరికి జరిగారు.

"ఇదిగో, గీ చెయ్యి గిట్ల తలకింద పెట్టాలె, మోకాలు గిట్ల మడవాలె," అని వినీతను పక్కకు తిప్పుతూ తలెత్తిన ఐలవ్వ అక్కడే ఆగిపోయింది.

తలుపు దగ్గర చంద్రవ్వ నిలబడి ఉంది. చంకలో సంచి, చేతిలో జున్నుపాల సీసా. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఆ నోటి నుంచి మాట బయలుదేరి ఆదివారానికల్లా సిద్దిపేటలో ఏ గల్లీ దాకా పోతుందో ఐలవ్వకు తెలుసు. చర్చి మెట్ల దగ్గర, బీడీల కార్ఖానా ముందర, పర్శరాములు అక్కగారింట్లో. పెళ్ళిసంబంధం వాళ్ళ ఇంటి గుమ్మం దాకా. పిల్ల భుజం మీద ఆమె చేయి బిగుసుకుంది.

చాప మీద నుంచి వినీత, "అమ్మా, నొస్తుంది," అంది మెల్లగా.

ఐలవ్వ చేయి సడలించింది.

"ఆడ నిలవడ్డవేంది పెద్దమ్మా," అంది. "మా వినీతకు ఫిట్స్ వస్తయ్. మూడేండ్లాయె. నువ్వు గూడ ఇటు రా. వంటకాడ పడితే ఫస్టు చూసేది నువ్వే."

చంద్రవ్వ సంచి కింద పెట్టింది. జున్నుపాల సీసా ఎక్కడ పెట్టాలో తెలియక ఒక పిల్ల చేతికి ఇచ్చింది. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా వచ్చి చాప పక్కన కూర్చుంది. కొంతసేపు వినీత మొహం వైపు, ఆ మోచేతి మచ్చ వైపు చూసింది.

"చేతుల తాళపుచెవులు పెడితే ఆగుతదంటరు గద?" అంది చివరికి.

"ఆగదు. ఏం పెట్టొద్దు."

"ఉల్లిగడ్డ?"

"ఏం పెట్టొద్దన్న గద పెద్దమ్మా."

"మరి మల్లొకసారి చెప్పు," అంది చంద్రవ్వ, రవిక చేతులు పైకి జరుపుకుంటూ. "చెయ్యి ముందు పెట్టాల్నా, మోకాలు ముందు మడవాల్నా?"

చాప మీద వినీతకు చక్కిలిగింతలు పుట్టి నవ్వు ఆగడం లేదు. ఐలవ్వ ఆ పిల్ల వీపు మీద ఒక్కటి వేసి, కదలకుండా పడుకొమ్మని గదిమి, మొదటి నుంచి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది.